మెట్ల మీద నిలబడేవాడి సెట్టు

అక్కా బావా మాట్లాడుకోవడం మానేసి చాలా రోజులైంది. మానేశారంటే ఇంట్లో మాటలు తగ్గాయని కాదు, ఇంకా పెరిగాయి. కాకపోతే అన్నీ చిన్నదాని మీదుగా వెళ్తున్నాయి.

"మీ బావకి చెప్పు, ఆ టెస్టరు నా బల్ల మీంచి తియ్యమని."

"మీ అక్కకి చెప్పు, అది తియ్యాల్సింది పెట్టినవాళ్ళేనని. పెట్టింది నేను కాదని కూడా చెప్పు."

ముగ్గురూ పనిచేసేది ఒకే గదిలో. అక్క బల్లకీ బావ బల్లకీ మధ్య చిన్నదాని కుర్చీ. ఒకరి మాట ఇంకొకరికి వినపడదా అంటే శుభ్రంగా వినపడుతుంది. అయినా చిన్నది తలెత్తి, అటు తిరిగి, విన్నదాన్ని మళ్ళీ చెప్పాలి. చెప్పేదాకా అవతలివాళ్ళు విననట్టే లెక్క. అడకత్తెరలో పోకచెక్కకి ఒక్క నొక్కుతో పీడ వదిలిపోతుంది. ఈమెకి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే బతుకు.

పైగా ఉన్నదున్నట్టు చెబితే కొంప మునుగుతుంది. అక్క "ఆ మహానుభావుడికి బుర్రుంటే కదా" అంటే, చిన్నది "కాస్త ఆలోచించమంటోంది బావా" అనేది. బావ "దాని నోటికి తాళం వెయ్యమను" అంటే, "తర్వాత మాట్లాడదామంటున్నాడు అక్కా" అనేది. వైర్‌లెస్ చదువుకున్నవాళ్ళెవరైనా చూస్తే కడుపుబ్బా నవ్వుతారు. మధ్యలో నిలబడి మాట అందించే యంత్రాన్ని రిలే అంటారు. అందులో రెండు రకాలు. విన్నదాన్ని బురదతో సహా పెద్దది చేసి పంపేది ఒకటి. విని, అర్థం చేసుకుని, బురద కడిగి, శుభ్రమైన మాటగా మళ్ళీ పంపేది రెండోది. చిన్నది రెండో రకం. తను ఇలా కడిగి పంపుతున్నంత కాలం ఆ ఇద్దరి పోట్లాటకీ అంతు ఉండదని ఆమెకి తెలియక కాదు. అంత పెద్ద గొడవని చెవులారా వినే ఓపిక లేక చేస్తోంది.

చిన్నది అనేది ఇంట్లో పిలుపు. ముప్పై దాటినా, రిలేల మీదే డాక్టరేటు తెచ్చుకున్నా, చిన్నది చిన్నదే. ఇంటి కింది భాగంలో వర్క్‌షాపు. బావ దాని యజమాని. ఆర్డర్లు తేవడం, పైవాళ్ళతో మాట్లాడటం అతని పని. బ్యాటరీలూ బోర్డులూ అక్కవి. యంత్రం లోపల నడిచే ప్రోగ్రాము చిన్నదానిది.

వాళ్ళు తయారుచేసేది ఫైర్ స్టేషన్ వాళ్ళు నడుముకి తగిలించుకునే వైర్‌లెస్ సెట్లు. కాంక్రీటు భవనంలో రెండు గదులు లోపలికి వెళ్తే మామూలు సెట్టు మూగబోతుంది. వీళ్ళది అలా కాదు. లోపలున్న మనిషి మాటని బోలెడు సన్నని పాయలుగా విడగొడుతుంది. ఇనుప తలుపు కొన్ని పాయల్ని మింగేస్తుంది, గోడ ఇంకొన్నిటిని. మిగిలినవి ఎలాగో బయటపడతాయి. దారిలో ఉన్న మిగతా మనుషుల నడుములకీ అలాంటి సెట్లే ఉంటాయి కాబట్టి, వాటిలో ఏదో ఒకటి ఆ పాయల్ని అందుకుని ముందుకి పంపుతుంది. తేలాల్సిందల్లా ఏ పాయని ఎవరు మోయాలన్నదే.

చిన్నది మొదట రాసిన పద్ధతిలో ప్రతి పాయా తనకి అనువైన మనిషిని తానే ఎంచుకునేది. కాగితం మీద అది బంగారం. తీరా భవనంలో పెట్టి చూస్తే, అయిదారుగురి నడుముల మీంచి వచ్చిన పాయలు తలా ఒక క్షణంలో చేరి, మాట చిట్లిపోయేది. ఒకసారి 'ఆగు' అన్న మాట 'గు' అని వినపడింది. మంటల్లో ఆ తేడాకి మనుషులు పోతారు. అది చూసి బావ ఆ పద్ధతి మొత్తం తీసి పారేశాడు. అన్ని పాయలూ ఒక్కడే మోయాలి, ఎవరి సెట్టుకి అందరికంటే బాగా వినపడుతుందో వాడే మోయాలి, అని పెట్టించాడు. దాంతో మాట గంటలా మోగింది. బావ తెలివితక్కువవాడేం కాదు, ఆ రోజుకి అతను చేసింది సరైన పనే.

గొడవల్లా ఆ ఒక్కడు ఎవడన్నదే. ఫైర్ వాళ్ళకి ఒక పద్ధతుంది. లోపలికి ఎంతమంది వెళ్ళినా, మెట్లు మలుపు తిరిగే చోట ఒకడు కదలకుండా నిలబడతాడు. నీళ్ళ పైపు ఎక్కడైనా మెలిపడిందా, తలుపు మూసుకుపోయిందా, కింద నుంచి పొగ లేస్తోందా అని చూసి, లోపలివాళ్ళకీ కిందివాళ్ళకీ చెప్పేది అతనే. ఆ మలుపులో పైకీ కిందికీ అడ్డు లేదు కాబట్టి, యంత్రం ఎన్నిసార్లు లెక్కకట్టినా అతని సెట్టే ముందుకొస్తుంది. అందరి మాటలూ, అన్ని పాయలూ, అతని నడుం మీదే. నడిచే ఎద్దునే పొడుస్తారని ఊరికే అనలేదు. అందరివీ మోసి మోసి, అందరికంటే ముందు చచ్చేది అతని బ్యాటరీ. అతని అవసరం అందరికంటే ఎక్కువగా ఉండే సమయానికి అతని మాటే పోతుంది.

చిన్నది దీన్ని ఎప్పుడో కనిపెట్టింది. విరుగుడు కూడా రాసింది. ఒక్కడు కాదు, ఇద్దరు మోయాలి. ఇద్దరే అయితే వాళ్ళని ఒకే తాళంలో నడిపించడం కష్టం కాదు, మాట చిట్లదు. బ్యాటరీ సన్నగిల్లినవాడిని తప్పించి ఇంకొకడిని తీసుకోవచ్చు. కానీ ఆ ప్రోగ్రాము ఆమె కంప్యూటర్లోనే మూలుగుతోంది. బావ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఫైర్ స్టేషన్లో సెట్లు పనిచేయించి చూపించే ట్రయల్ ముందు రోజు ఆమె ఆఖరిసారి అడిగింది.

"తెల్లారితే ట్రయల్," అన్నాడు బావ. "ఇప్పుడు ఇంజను విప్పి కూర్చుంటానంటే ఎలా?"

"మెట్ల మీదవాడి సెట్టు ముందు చస్తుంది బావా."

"అంతసేపు పట్టదు ట్రయల్. ఏ సెట్టూ చావదు."

"మంట కూడా అంతసేపు పట్టదని నీకు మాటిచ్చిందా?"

అక్క బోర్డు మీంచి తలెత్తలేదు. "చెప్పవే మీ బావకి. లావు బ్యాటరీ పెడదామని మొత్తుకున్నాను. బరువన్నారు, చూడ్డానికి బాగోదన్నారు, పలచన చేయించారు. ఇప్పుడు అనుభవించమను." ఇద్దరి మధ్యా మాటలు పోయింది ఆ బ్యాటరీ దగ్గరే.

"మీ అక్కకి చెప్పు..." అని మొదలుపెట్టాడు బావ.

"చెప్పను," అంది చిన్నది.

అక్క చేతిలో టంకం కడ్డీ బోర్డుకి తగిలి కాస్త పొగ లేచింది.

"మీకు నోళ్ళున్నాయి, చెవులున్నాయి, మధ్యలో మూడడుగుల నేల ఉంది. ఇకనుంచి మీ మాటలు మీరే మోసుకోండి. పొద్దస్తమానం మీ ఇద్దరివీ మోసి, కడిగి, ఇస్త్రీ చేసి అందించాను. నా మాట వచ్చేసరికి ఇద్దరూ చెవుల్లో దూది పెట్టుకుంటారు. ఎన్నాళ్ళ నుంచో ఒక్కటే మాట చెబుతున్నాను. మీలో ఒక్కరైనా విన్నారా?"

"నేను విన్నానే," అంది అక్క నొచ్చుకుని. "బ్యాటరీ చాలదనేగా?"

"అది నీ మాట అక్కా. నా మాట బ్యాటరీ గురించి కాదు. లావుది పెడితే కాస్త ఆలస్యంగా చస్తుంది. చావడం మాత్రం చస్తుంది. తప్పు ఒక్కడి నెత్తిన అంతా పెట్టడంలో ఉంది."

"నీకు మీ అక్క పొగరే వచ్చింది," అన్నాడు బావ.

"అందుకే చెబుతున్నాను. పందెం కాస్తావా? ఆ మెట్ల మీద నువ్వే నిలబడు. పొద్దుటి నుంచి వాడిన సెట్టు పెట్టుకో. ఆఖరిదాకా నీ మాట కిందికి వినపడితే నేను నోరు మూసుకుని, సెట్లు బాగున్నాయని నా పేరుతో సంతకం పెడతాను. వినపడకపోతే నా పద్ధతి ఎక్కించాలి."

బావకి పందెమంటే ప్రాణం. "నిలబడతాను, భయమా? ఫైర్ వాళ్ళ కోటు వేసుకుని ఫోటో కూడా దిగుతాను."

ఆ సాయంత్రం ఇంట్లో చాలా గొడవైంది. మధ్యలో మనిషి లేకపోయేసరికి, ఇన్నాళ్ళుగా కడిగి పంపిన బురదంతా మొగుడూ పెళ్ళాలు ఒకరి మీద ఒకరు ముఖాముఖీ చల్లుకున్నారు. పలచన బ్యాటరీ నుంచి పెళ్ళిచూపుల దాకా వెళ్ళారు. చిన్నది మేడ మీద బట్టలు మడతపెట్టుకుంటూ వింది. మధ్యలో దిగి సర్దుదామని రెండుసార్లు కాళ్ళు లేచాయి, రెండుసార్లూ కూర్చోబెట్టింది. చివరికి అక్క "అన్నం తింటారా, తినరా?" అని అరవడం, బావ "తింటాను" అని అరవడం వినపడ్డాయి. ప్రళయం వస్తుందనుకుంది, రాలేదు.

ట్రయల్ ఫైర్ స్టేషన్ వెనక పెరట్లో. శిక్షణ కోసం కట్టిన అంతస్తుల భవనం అది. కిటికీలకి ఇనుప రేకులు, మసిబారి కడిగి మళ్ళీ మసిబారిన గోడలు. లోపల మంట పెట్టరు, యంత్రంతో తెల్లటి పొగ నింపుతారు. స్టేషన్ పెద్దావిడ గేటు దగ్గరే నిలబడి ఉంది. అక్కడ అందరూ ఆమెని ఆఫీసరమ్మ అంటారు. మాట పొదుపు. పాత సెట్లని బల్ల మీద వరసగా పేర్చి ఉంచింది, వదిలించుకోబోయే చెత్తని చూపించినట్టు.

"ఇవి రెండో గది దాటితే పలకవు," అంది. "మీవి పలికితే ఇవాళే తీసుకుంటాను. కాగితాలు తెచ్చుకున్నాను."

చిన్నది ఆగలేదు. "మేడమ్, మీవాళ్ళు ట్రయల్ కోసం తెచ్చుకున్న మా సెట్లు పొద్దుటి నుంచి వాడుతున్నారు కదా. వాటితోనే చేద్దాం, మళ్ళీ ఛార్జి పెట్టొద్దు. డ్యూటీ మధ్యలో పిలుపొస్తే అలాంటివేగా తీసుకెళ్తారు."

"నేనూ అదే అనబోతున్నాను," అంది ఆఫీసరమ్మ. బావ మరదలి వైపు ఒక చూపు చూశాడు.

రోజూ మెట్ల మలుపులో నిలబడేది ఒక పెద్ద మీసాలాయన. తన కోటూ హెల్మెట్టూ సంతోషంగా బావకి తొడిగాడు. "ఇన్నేళ్ళకి నాకు బదులు ఇంకొకరు నిలబడుతున్నారు. కాదంటే పాపం తగులుతుంది," అని నీడలో కుర్చీ వేసుకున్నాడు. ఏం చూడాలో, ఏం చెప్పాలో మాత్రం రెండుసార్లు నేర్పించి పంపాడు. బావ మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి చిన్నదానికి చెయ్యి ఊపాడు.

కింద బల్ల మీద ఒక స్పీకరు, ఒక మైకు, ఒక తెర. ఎవరి మాట ఎంత శుభ్రంగా చేరిందో లెక్కకట్టి, అందరిదీ కలిపి సగటు చూపిస్తుంది ఆ తెర. బాగుంటే పచ్చగా, లేకపోతే ఎర్రగా. బ్యాటరీ తగ్గితే సెట్టు కీచుమనే ఏర్పాటు ఒకప్పుడు ఉండేది. ముక్కుకి పెట్టుకునే గాలి సిలిండరు అయిపోతే వచ్చే కూత కూడా అలాగే ఉంటుందని, రెండూ కలిస్తే మనుషులు కంగారుపడతారని ఆఫీసరమ్మే దాన్ని తీయించేసింది. అదీ సబబైన మాటే.

పొగ నిండింది. నలుగురు లోపలికి వెళ్ళారు. కాసేపటికి స్పీకరు పలికింది.

"మొదటి గది ఖాళీ." "ఎడమవైపు వెళ్తున్నాం." "మెట్లు. అంతా బాగుంది." ఆ చివరిది బావ గొంతు, కాస్త గర్వంగా.

పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. పొగలో, ఇనుప తలుపుల వెనక, మూడు గదుల లోపలి నుంచి వస్తున్న మాట. చుట్టూ ఉన్న ఫైర్ వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. "శభాష్" అన్నారెవరో మైకు దగ్గరికి వంగి. ఆఫీసరమ్మ మొహంలో కూడా కొంచెం నవ్వు కనపడింది. చిన్నదానికి గుండె నిండిపోయింది. ఆ పాయలు విడగొట్టింది తను, మళ్ళీ జడ అల్లింది తను. ఆ మాటల్లో ఎవరి శ్వాస కూడా చెడలేదు. వినాలనిపించింది, విన్నది.

"నీళ్ళు రావట్లేదు," అంది స్పీకరు. లోపలి గదిలోని మనిషి.

"సరే, చూస్తున్నాం," అన్నాడు పంపు దగ్గరివాడు తన సెట్టులో. చూశాడు. పంపు బాగానే ఉంది. తిప్పాల్సినవన్నీ తిప్పాడు. ఇద్దరు ముగ్గురు అతని చుట్టూ చేరారు. ఒకడు పంపు తప్పన్నాడు, ఇంకొకడు గొట్టం బిగుతు తప్పన్నాడు. "నీళ్ళు ఇంకా రావట్లేదు," అంది స్పీకరు, ఎంతో స్పష్టంగా. "చూస్తున్నామయ్యా," అన్నాడు పంపు మనిషి విసుగ్గా. తెర పచ్చగా మెరుస్తోంది. చిన్నది కూడా వంగి పంపు వైపు చూసింది.

ఎంతకీ తేలకపోవడంతో ఆఫీసరమ్మ మైకు అందుకుంది. "ట్రయల్ ఆపండి. అందరూ బయటికి. వరసగా పలకండి."

లోపలి నలుగురూ పలికారు.

"మెట్లు?"

జవాబు లేదు.

"మెట్లు?"

స్పీకర్లో చిన్న గరగర కూడా లేదు. మీసాలాయన కుర్చీలోంచి లేచాడు. పైకి పరిగెత్తబోతుండగా తలుపులోంచి తెల్లటి పొగతోపాటు లోపలివాళ్ళు వచ్చారు. వాళ్ళ వెనక బావ. నడుస్తూనే సెట్టు మీట నొక్కి పట్టుకుని మాట్లాడుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి. బల్ల మీద స్పీకరు మాత్రం చప్పుడు చేయలేదు. దగ్గరికొచ్చాక అసలు గొంతు వినపడింది, బొంగురుపోయి.

"మెట్లు, వచ్చేశాను, వచ్చేశానంటున్నాను కదా! ఎన్నిసార్లు పలకాలి?"

అతను వెనక్కి, మెట్ల వైపు చెయ్యి చూపించాడు.

"తలుపు ఊగొచ్చి పైపు మీద పడింది. నీళ్ళు అక్కడ ఆగిపోయాయి. చూడగానే చెప్పాను. లాగితే రాలేదు, ఇంకో మనిషిని పంపమన్నాను. 'సరే, చూస్తున్నాం' అన్నారు కదా మీరు!"

పంపు మనిషి తడబడ్డాడు. "నేనన్నది మీతో కాదండీ. లోపలున్న మావాడితో. మీ మాట మాకు రాలేదు."

"రాకపోవడమేంటి? నాకు అందరిదీ వినపడుతోందే!"

వినపడుతుంది. వినడానికి బ్యాటరీ అంతగా అక్కర్లేదు, పలకడానికే కావాలి. పలికే శక్తి పోయిన సెట్టుని యంత్రం చడీచప్పుడూ లేకుండా పక్కకి నెట్టి, తర్వాతి మనిషిని ఎంచుకుని, పని కానిచ్చింది. అందుకే చేరిన మాటల్లో ఏదీ చెడలేదు, చేరని మాట తెర లెక్కలోకే రాలేదు. మెట్ల మీద మనిషి చెవిటివాడి ముందు శంఖం ఊదుతూ నిలబడ్డాడు. తను ఊదుతున్నది చెవిటివాళ్ళ ముందని అతనికి తెలియనే లేదు.

"మళ్ళీ అడిగాను," అన్నాడు బావ, ఈసారి మెల్లగా. "వినపడుతోందా అని. ఎవరూ ఏమీ అనలేదు. మౌనం అర్ధాంగీకారం అనుకున్నాను."

అక్క వెళ్ళి అతని నడుం మీంచి సెట్టు విప్పింది. బ్యాటరీ ఊడదీసి చేతిలో తూచింది. "లావుది పెట్టి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఇప్పటికైనా ఒప్పుకోండి."

"ఒప్పుకుంటాను తల్లీ, అన్నీ ఒప్పుకుంటాను. నీ బ్యాటరీ నీదే, దీని పద్ధతి దీనిదే." బావ హెల్మెట్టు తీసి బల్ల మీద పెట్టి చిన్నదాని వైపు తిరిగాడు. మాట నిలబెట్టుకునే మనిషే, అది కాదనడానికి లేదు. "పందెం నువ్వు గెలిచావు. నీ ఇద్దరు మనుషుల ప్రోగ్రాము తెచ్చావుగా, ఇక్కడే ఎక్కించెయ్. సాయంత్రానికి మేడమ్ సంతకం పెడతారు."

"పెడతాను," అంది ఆఫీసరమ్మ. కలం అప్పుడే తీసింది.

ఇన్నాళ్ళూ చిన్నది కోరుకున్నది ఇదే. నీ మాటే రైటు అని బావ నోటితో అనిపించుకోవడం. అదీ ఇంతమంది ముందు. కానీ ఆమెకి సంతోషం కలగలేదు, ఒళ్ళు మండింది. ఎవరి మీదో కాదు, తన మీదే.

"ఎక్కించను," అంది.

"ఏంటి?"

"నాది కూడా చాలదు."

బావ నెత్తి పట్టుకున్నాడు. "గెలిచాక కూడా మొండితనమేనా? ఓడిపోయి మొండికెయ్యడం చూశాను కానీ, గెలిచి మొండికెయ్యడం ఎక్కడా చూడలేదు!"

"గెలిచాను కాబట్టే. బావా, నీ మాట ఆగిపోతుందని ఇక్కడ తెలిసింది నాకొక్కదానికే. ఎప్పుడాగుతుందా అని కాచుకుని కూర్చున్నాను. అయినా ఆగినప్పుడు నాకు తెలియలేదు. అందరూ శభాష్ అంటుంటే వింటూ కూర్చున్నాను. నీళ్ళు రావట్లేదంటే నేనూ పంపు వైపు చూశాను. అది చెప్పాల్సినవాడు పైనున్నాడు, ఇంతసేపూ ఎందుకు పలకలేదని నాకే తోచలేదు. ఎవరికి తోస్తుంది ఇంక? నా పద్ధతి పెడితే ఆ క్షణం ఆలస్యంగా వస్తుంది. వచ్చినప్పుడు మాత్రం ఇలాగే, ఎవరికీ తెలియకుండా వస్తుంది."

అక్క గుసగుసగా, "ఇప్పుడు ఇచ్చేద్దామే, తర్వాత మార్చుదాం," అంది.

"తర్వాత అనేది ఉండదక్కా. పని జరిగిపోతుంటే ఎవడూ విప్పడు. మనమే విప్పలేదు."

ఆఫీసరమ్మ ముందుకొచ్చింది. ఆమె మొహంలో ఇందాకటి నవ్వు లేదు. "అమ్మాయ్, ఇది మీ ఇంటి పందెం కాదు. రేపు పిలుపొస్తే నావాళ్ళు ఏం పట్టుకుని లోపలికి వెళ్ళాలి?"

"పాతవే మేడమ్."

"అవి పలకవు."

"పలకవని మీకు తెలుసు. అందుకే వాటిని ఎవరూ నమ్మరు. ఈ మీసాలాయన గొంతు చించుకుని అరుస్తాడు, పైపు లాగి సైగ చేస్తాడు. జవాబు రాకపోతే మీరు మనిషిని పంపిస్తారు. ఇవాళ నీళ్ళు ఆగాయి. మెట్ల మీదకి ఎవరైనా వెళ్ళి చూశారా? వెళ్ళలేదు. ఎందుకంటే మా సెట్టుని నమ్మారు. అసలు పలకని సెట్టుతో మీకు ప్రమాదం తక్కువ. అందరి మాటా ముత్యాల్లా వినిపించి ఒక్కడి గొంతు నొక్కే సెట్టుతో ఎక్కువ. అది చేసింది నేనే. చేసినదాన్ని కాబట్టి ఇవ్వనంటున్నాను."

అంతమంది యూనిఫాం వాళ్ళ మధ్య ఒక్కతే నిలబడి, సిద్ధంగా ఉన్న కలాన్ని వద్దంటోంది. ఆమెకి తోడుగా అక్కడ ఎవరూ లేరు.

ఆఫీసరమ్మ బావ వైపు తిరిగింది. "కంపెనీ మీది. ఆవిడ మాట కాదు, మీ మాట చెప్పండి. ఇస్తారా, ఇవ్వరా?"

బావ ఇంకా మీసాలాయన కోటులోనే ఉన్నాడు. చెమటలు కారుతున్నాయి. ఈ ఆర్డరు కోసం అతను తిరగని గడప లేదు. చిన్నది అతని మొహం చూడలేక తెర వైపు చూసింది. అది ఇంకా పచ్చగానే ఉంది.

"మీరు ఇందాక శభాష్ అన్నారు," అన్నాడు బావ. "అది పైకి వినపడింది. తలుపు సంగతి సరిగ్గా అప్పుడే చెప్పాను నేను. నన్నే మెచ్చుకుంటున్నారనుకున్నాను." కోటు గుండీ ఒకటి విప్పుకున్నాడు. "ఇవ్వమండీ. మా మరదలు ఇవ్వనంటోంది కదా."

ఆఫీసరమ్మ కలం మూత పెట్టింది. కోపమో కాదో మొహం చూస్తే తెలియలేదు.

"ఎప్పటికి తెస్తారు?"

"మెట్ల మీద మనిషి మాట ఆగిన మరుక్షణం కింద అందరి చెవుల్లోనూ అది మోగాలి మేడమ్," అంది చిన్నది. "అలా మోగిన రోజున తెస్తాం. ముందు మాత్రం తీసుకురాం."

"అప్పుడు మెట్ల మీద ఎవరిని నిలబెట్టాలి? ఈయన గొంతు పోయింది."

"నన్ను," అంది చిన్నది. "చావబోయే సెట్టుతోనే నిలబెట్టండి. ఎప్పుడు చస్తుందో మీకెవరికీ చెప్పను. నేను పలకడం మానేశానని కనిపెట్టి, పైకొచ్చి నన్ను దించండి. దించలేకపోతే అప్పుడూ పెట్టెలు వెనక్కే."

మీసాలాయన తన హెల్మెట్టు తీసుకుని, ఆమె తలని ఒకసారి కొలిచినట్టు చూశాడు. "కొంచెం చిన్నది కావాలి," అన్నాడు. "తీసి ఉంచుతాను."

ఆమె బల్ల దగ్గరికెళ్ళి తెర ఆపేసి, సెట్లు ఒక్కొక్కటే పెట్టెలో సర్దడం మొదలుపెట్టింది.